వ్యాయామం, నిద్ర: రోజులో చోటు కుదుర్చుకోవడం

దూరవిద్యలో చదివేవారి దినచర్య కళాశాల విద్యార్థి దినచర్య లాంటిది కాదు. పగలంతా ఉద్యోగమో, దుకాణమో, పొలమో, ఇంటి పనో ఉంటుంది. పుస్తకం తెరిచేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇందులోకి వ్యాయామాన్ని కూడా చేర్చాలనుకున్నప్పుడు చాలామంది చేసేది ఒకటే: అయిదున్నరకు మోగే అలారాన్ని నాలుగున్నరకు మార్చడం. అంటే వ్యాయామానికి కావలసిన గంటను నిద్రలోంచి తీసుకుంటున్నారు. ఇది సరైన బేరమేనా అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంఘాలు 2015లో సిఫారసు చేశాయి. ఆ లెక్కన వారానికి 49 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ గానీ చేయాలి. వారంలో రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు అదనం. మధ్యస్థాయి అంటే మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంగా నడవడం. 150 నిమిషాలంటే రెండున్నర గంటలు. నిద్రకు 49, వ్యాయామానికి రెండున్నర తీసేసినా ఇంకా 116 గంటలకు పైగా మిగులుతాయి. లెక్కలో ఈ రెండింటికీ తగువే లేదు. వ్యాయామం తెల్లవారుజామునే చేయాలన్న పట్టుదల వల్లనే తగువు వస్తోంది.

వేకువనే లేవమని పెద్దలు చెప్పిన మాట నిజమే. కానీ అలా చెప్పిన తరం వారు దీపాలు పెట్టిన కాసేపటికే భోంచేసి ఎనిమిదింటికల్లా పడక చేరేవారు. నాలుగింటికి లేచినా ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యేది. మనం లేచే వేళను మాత్రం వారి దగ్గర తీసుకుని, పడుకునే వేళను వదిలేశాం.

నిద్రను నడిపించే రెండు శక్తులు

నిద్ర ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదాన్ని వివరించడానికి 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ఒక నమూనాను ప్రతిపాదించాడు. నేటికీ పాఠ్యపుస్తకాలు దాన్నే ఆధారం చేసుకుంటాయి. అందులో మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, దానితోపాటు నిద్ర అవసరం పెరుగుతుంది. రెండవది శరీర గడియారం. ఇది సుమారు 24 గంటల లయలో శరీర ఉష్ణోగ్రతనూ, హార్మోన్లనూ నడుపుతుంది. ఈ గడియారం అణుస్థాయిలో ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుంటే వ్యాయామం పాత్ర తెలుస్తుంది. పగటిపూట శ్రమ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. రాత్రి గాఢనిద్ర కొంత పెరుగుతుంది. రోజంతా కుర్చీలో కూర్చున్నవారికి తల బరువెక్కినా నిద్ర పట్టకపోవడానికి ఒక కారణం ఈ శ్రమ లేకపోవడమే. ఇక చదువుకోవడానికి తాగే టీ, కాఫీల సంగతి. వాటిలోని కెఫీన్ అడెనోసిన్ పనిచేసే చోటును ఆక్రమిస్తుంది. నిద్ర అవసరం తీరదు, దాని కబురు మాత్రం మెదడుకు అందదు. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది కనుక రాత్రి తొమ్మిదింటి టీలో సగం రెండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది.

కోత పడేది ఎక్కడ?

ఒక ఉదాహరణ తీసుకుందాం. డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువకుడు. మన రాష్ట్రాల్లో ఆ ఎంపికకు పురుష అభ్యర్థులు 1600 మీటర్ల పరుగును నిర్ణీత సమయంలో పూర్తిచేయాలి. పగలు మొబైల్ దుకాణంలో పని, రాత్రి పన్నెండు దాకా చదువు, నాలుగున్నరకు మైదానం. పడుకున్నది నాలుగున్నర గంటలు.

నిద్ర ఒకే తీరుగా సాగదు. సుమారు 90 నిమిషాలకొక ఆవృతం చొప్పున నడుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో ఉంటుంది. గ్రోత్ హార్మోన్ ప్రధానంగా విడుదలయ్యేది అప్పుడే. తెల్లవారే వేళకు రెమ్ నిద్ర పాలు పెరుగుతుంది. ఇందులో మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతుంటాయి, కలలు ఎక్కువగా వస్తాయి. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని గుర్తించారు. కాబట్టి పై యువకుడు కోసేసుకున్నది నిద్రలో ఏదో ఒక ముక్క కాదు, అందులో ఎక్కువ భాగం రెమ్ నిద్ర, దానితోపాటు వచ్చే తేలికపాటి నిద్ర. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడటంలో నిద్రలోని వివిధ దశలకు పాత్ర ఉంది. పన్నెండు దాకా చదివి నాలుగున్నరకు లేచినవాడు ఆ చదువు కుదురుకునే సమయాన్నే పోగొట్టుకుంటున్నాడు.

పరుగైనా బాగుపడుతుందా అంటే అదీ అనుమానమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులో 11 మందిని కొన్ని వారాలపాటు రాత్రికి 10 గంటలు పడకమీద ఉండమన్నారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల్లో 282 అడుగుల పరుగు సగటున 16.2 సెకన్ల నుంచి 15.5కు తగ్గింది. పోలికకు వేరే జట్టు లేని చిన్న ప్రయోగం అది, దాన్నిబట్టి పెద్ద మాటలు చెప్పకూడదు. అయినా సాధన ఒక్కటే పరుగును పెంచదు, సాధన తరువాతి విశ్రాంతిలోనే కండరం బలపడుతుందన్న సంగతికి అది సరిపోతుంది.

బరువు తగ్గడానికి నిద్ర మానుకుని నడిచేవారు తెలుసుకోవలసిన ప్రయోగం మరొకటి ఉంది. 2010లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు అధిక బరువున్న పదిమందికి ఒకే రకమైన మితాహారం ఇచ్చి 14 రోజులు ఎనిమిదిన్నర గంటలు, మరో 14 రోజులు అయిదున్నర గంటలు నిద్రకు కేటాయించారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. కానీ నిద్ర తగ్గినప్పుడు అందులో కొవ్వు వాటా 55 శాతం తక్కువ. మిగతాది కండ మొదలైన భాగాల నుంచి పోయింది. తూకం యంత్రం ఈ తేడాను చూపదు.

“నాకు అయిదు గంటలు చాలు”

సంపర్క తరగతుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పినవారే మధ్యాహ్నం రెండు గంటల తరగతిలో తూలుతూ ఉండేవారు. ఇందులో వారి అబద్ధమేమీ లేదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులను వరుసగా 14 రోజులు రోజుకు 4, 6 లేక 8 గంటల చొప్పున నిద్రపోనిచ్చి ఏకాగ్రతను కొలిచారు. 6 గంటలు, అంతకు తక్కువ పడుకున్నవారి ఏకాగ్రత రోజురోజుకూ తగ్గి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోనివారి స్థాయికి చేరింది. అయినా తమకు అంత నిద్రమత్తు ఉందని వారు గుర్తించలేదు. నిద్రలేమిలో మొదట దెబ్బతినేవాటిలో నిద్రలేమిని కనిపెట్టే శక్తి కూడా ఒకటి.

షిఫ్టుల్లో పనిచేసేవారికి ఇది ప్రాణం మీది మాట. సింగరేణిలోనో, విశాఖ ఉక్కు కర్మాగారంలోనో, ఆసుపత్రిలోనో రాత్రి షిఫ్టు ముగించి మోటారు సైకిలు మీద ఇల్లు చేరేవారు గమనించాలి. 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవారితో సమానంగా ఉందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించేది 30 మిల్లీగ్రాములే. రాత్రి షిఫ్టు దిగి నేరుగా జిమ్‌కు వెళ్లే అలవాటును నేను సమర్థించలేను. ముందు చీకటి గదిలో నిద్ర, లేచాక వ్యాయామం.

చోటు ఎక్కడ దొరుకుతుంది?

లండన్‌లో జెరెమీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన అధ్యయనం దీనికి మంచి దారి చూపుతుంది. రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువగా ఉంది. కండక్టర్లు వ్యాయామం కోసం ప్రత్యేకంగా లేచినవారు కారు. శ్రమ వారి పనిలోనే ఉంది. శ్రమ ఒక్కదఫా పది నిమిషాలైనా సాగితేనే లెక్క అన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తొలగించింది. కనుక బస్సు ఒక స్టాపు ముందే దిగి నడవడం, మధ్యాహ్న భోజనం తరువాత పావుగంట నడక, లిఫ్టు మాని మెట్లు, అన్నీ వారం మొత్తంలో కలుస్తాయి.

సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర చెడుతుందన్న భయం చాలావరకు అనవసరం. పడుకోవడానికి గంటలోపు ఆయాసపడేంత తీవ్రంగా చేస్తేనే ఇబ్బంది. నిద్ర పట్టాలంటే శరీర ఉష్ణోగ్రత తగ్గాలి, అలాంటి శ్రమ దాన్ని పెంచుతుంది. ఏడింటికి నడిచి పదిన్నరకు పడుకునేవారికి అడ్డేమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన ఎండలకు సాయంత్రం అయిదింటి నడక తగదు. ఆ రెండు నెలలు పొద్దుగూకాక గానీ, రాత్రి త్వరగా పడుకోగలిగితే వేకువన గానీ నడవాలి.

ఇంట్లో అందరికన్నా ముందు లేచి, అందరి తరువాత పడుకునే గృహిణులకు ఈ సలహాలు సగమే పనికివస్తాయి. చీకటి పడ్డాక వీధిలో నడిచే వీలు అందరికీ ఉండదు. డాబా మీద నడక, ఇంట్లో గుంజీల వంటి వ్యాయామాలు కుదురుతాయి. ఊడవడం, నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం కూడా శ్రమలో భాగమే. వీరికి కొరవడేది చాలాసార్లు వ్యాయామం కాదు, నిద్ర. దాన్ని సరిచేయాలంటే ఇంటి పనిలో మిగతావారూ చేయి వేయాలి. పగలంతా బరువులు మోసే హమాలీకి, భవన నిర్మాణ కూలికి ఉదయపు పరుగు సూచించడం కూడా అలాంటి తప్పే.

ఏడెనిమిది గంటలు పడుకున్నా అలసట తీరకపోతే, లేదా గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందని ఇంట్లోవారు చెబితే అది దినచర్యకు సంబంధించిన విషయం కాదు. వైద్యుణ్ణి కలవాలి.

అభ్యాస కార్యం

మీ నోట్‌బుక్‌లో ఏడు రోజుల పట్టిక గీయండి. పడుకున్న వేళ, లేచిన వేళ, చివరి టీ లేదా కాఫీ తాగిన వేళ, నడిచిన లేదా శ్రమపడిన నిమిషాలు రోజూ రాయండి. సెలవు రోజున అలారం పెట్టుకోకండి. ఆ రోజు మామూలుకన్నా రెండు గంటలకు మించి పడుకున్నారంటే మిగతా ఆరు రోజుల్లో బాకీ పడ్డారని అర్థం. అలాంటప్పుడు వ్యాయామపు నిమిషాలను పెంచకండి. పడుకునే వేళను 30 నిమిషాలు ముందుకు జరిపి, రెండవ వారానికి కూడా అదే పట్టికను నింపి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.