కంటిలోని కటకము: నలతను గుర్తించుట ఎట్లు?

రథసప్తమినాడు శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనమునకు వేలకొలది జనులు వత్తురు. నేత్రవ్యాధులు పోవలెనని మ్రొక్కుకొనువారు వారిలో పలువురు. ఇంద్రపుష్కరిణిలో స్నానము చేసి గుడికి పోవుట ఆచారము. నేడు ఆ యాత్రికులలో కళ్లజోడుకు మారుగా కాంటాక్టు కటకములు ధరించువారును ఉందురు. కటకముతోనే నీట మునుగవచ్చునా? కంట నలత తోచిన ఏమి చేయవలెను?

కంటి ముందుభాగమున నల్లగ్రుడ్డుపై పారదర్శకమగు శుక్లపటలము కలదు. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు; ఉన్నచో చూపునకు అడ్డగును. కనుక అది తనకు కావలసిన ఆమ్లజనిని చాలవరకు కన్నీటిపొర ద్వారా గాలినుండియే గ్రహించును. కటకము ఈ పొరపైననే నిలుచును. రెండు గాజుపలకల నడుమ నీటిచుక్క వేసి చూడుడు: అవి ప్రక్కకు సులభముగా జారును, విడదీయుట మాత్రము కష్టము. కంటిలో కటకము నిలుచుటయు, కదలుటయు ఇట్టిదే. 1961లో చెకోస్లోవేకియాలో ఓటో విఖ్తెర్లె తయారుచేసిన మెత్తని కటకము నీటిని పీల్చుకొను పదార్థముతో చేసినది. నేడు వాడుకలో నున్నవానిలో అధికభాగము ఈ మెత్తని జాతివే.

పుస్తకమునో, తెరనో తదేకముగా చూచునపుడు రెప్పపాట్లు తగ్గును; కన్నీరు ఆరును; కటకము పొడిబారి కన్ను గరగరలాడును. దుమ్ము పడుట, అంచు చినుగుట, తిరగవేసి పెట్టుటయు కారణములే. కటకమును వ్రేలికొనపై నుంచి ప్రక్కనుండి చూడుడు. అంచులు గిన్నెవలె నిటారుగా నున్న సరియైనది. పళ్లెమువలె వెలికి విచ్చుకొన్న తిరగబడినది.

నలత తోచగనే చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకొని, కటకమును తీయవలెను. తీసినంతనే హాయి కలిగినచో దోషము కటకమునందే యుండవచ్చును. చినిగినదానిని పారవేయుడు, మలినమైనదానిని శుద్ధిద్రవముతో రుద్ది కడుగుడు. మరల పెట్టగనే బాధించిన, ఆ దినమునకు కళ్లజోడే మేలు. తీసిన పిమ్మటను నొప్పి, ఎరుపు, పుసి, వెలుగు చూడలేకపోవుట, చూపు మసకబారుట ఉన్నచో అది శుక్లపటలమున పుండునకు గుర్తు కావచ్చును. ఆ దినముననే నేత్రవైద్యుని చూడవలెను. తీసిన కటకమును, దాని డబ్బాను వెంట తీసికొనిపోవలెను. ఆముదము, చనుబాలు, ఇంట మిగిలిన చుక్కమందు కంట వేయరాదు.

ఇక స్నానము మాట. కోనేటిలోనేకాక కుళాయినీటిలోను అకాంతమీబా యను ఏకకణజీవి ఉండవచ్చును. అది తనచుట్టును గట్టి కోశము నేర్పరచుకొనును. కుళాయినీటిలో కలుపు క్లోరిను ఆ కోశమును చంపజాలదు. కటకము నంటుకొని కంటికి చేరి పుండు కలిగించినచో చికిత్స నెలల తరబడి సాగును. చూపు పోవుటయు కలదు. మన దేశమున కటకములు ధరింపనివారికిని దుమ్ము, మలినజలముల వలన ఈ వ్యాధి వచ్చుచున్నది.

కావున స్నానమునకు ముందే కటకములు తీయవలెను. నీటితో వానిని కడుగరాదు. వానితో నిద్రింపరాదు, మూసిన రెప్పలక్రింద ఆమ్లజని తగ్గును. డబ్బాలోని ద్రవమును దినదినము పారబోసి క్రొత్తది పోయవలెను. పాతదానిలో క్రొత్తది కలుపరాదు. కంటికొరకు మ్రొక్కుకొన వచ్చినవారు కళ్లజోడుతో పుష్కరిణికి పోయి, దానిని గట్టున నుంచి మునిగినచో ఆచారమునకును లోపము లేదు, కంటికిని అపాయము తగ్గును.