పూసల మగ్గం: ఆటబొమ్మే గాని, చేతికి మందు కూడా



ఫిజియోథెరపీ గదికి వచ్చేవారు అక్కడి బల్ల మీద ఒక చిన్న చట్రాన్ని చూస్తుంటారు. దానికి కొన్ని దారాలు బిగించి ఉంటాయి, పక్కనే ఒక పళ్ళెంలో రంగురంగుల పూసలుంటాయి. "పిల్లల ఆటవస్తువు ఇక్కడెందుకు పెట్టారు?" అని కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు నుండి వచ్చే కుటుంబాలవారు మమ్మల్ని చాలాసార్లు అడిగారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్లుంటుందని ఈ నెల ఈ వ్యాసం రాస్తున్నాము.

అది పూసల మగ్గం. ఆటవస్తువన్న మాట నిజమే. అయితే పక్షవాతం వచ్చిన చేతికి, ఎముక విరిగి కట్టు విప్పిన చేతికి, వారాల తరబడి మంచం మీదే ఉండవలసిన పిల్లవాడి మనసుకు అది చేసే మేలు చిన్నది కాదు.

పడుగు, పేక, పూస

మన ప్రాంతం వారికి మగ్గం గురించి వేరే చెప్పనక్కరలేదు. వెంకటగిరి చీర పేరు వినని ఇల్లు ఉండదు. నిలువుగా బిగించిన దారాలు పడుగు, వాటి మధ్య అడ్డంగా నడిచే దారం పేక. వెంకటగిరి జాందానీ నేతలో పువ్వు ఉన్నచోట నేతగాడు వేరే దారాన్ని చేత్తో పెట్టి నేస్తాడు. పూసల మగ్గంలో జరిగేదీ దాదాపు అదే. పేక దారానికి పూసలు గుచ్చి, ఒక్కొక్క పూసను రెండు పడుగు దారాల మధ్య కూర్చోబెడతాము. నాడె ఉండదు, అచ్చు ఉండదు, తొక్కే పలక ఉండదు. ఒక సూది, రెండు చేతులు చాలు.

ఉత్తర అమెరికా ఆదివాసులు వంచిన కర్రకు విల్లులాగా దారాలు కట్టి ఈ నేత నేసేవారు. తరువాత అదే పద్ధతి చిన్న చట్రంగా మారి పిల్లల ఆటవస్తువుల దుకాణాలకు చేరింది.

ఇక పూసలు మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తికీ రేణిగుంటకూ మధ్య, ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేట అనే ఊరుంది. అక్కడి కొలిమిలో గాజును కరిగించి, లాడా అనే పొడవాటి ఇనుప గొట్టంతో ఆ ముద్ద మధ్యలో బోలు చేసి, సన్నని గొట్టాలుగా లాగేవారు. ఆ గొట్టాలను చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేస్తే పదునైన అంచులు కరిగి నున్నని పూసలయ్యేవి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో సుమారు 2000 సంవత్సరాల క్రితం పూసలు చేసిన పద్ధతి కూడా గాజును ఇలా గొట్టంగా లాగే పద్ధతే. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు 20వ శతాబ్దం చివరలో పాపానాయుడుపేట పని గురించి వివరంగా రాశారు. నెల్లూరు నుండి రైలులో తిరుపతి వెళ్ళేవారు ఆ ఊరి పక్కగానే వెళ్తారు.

ఆసుపత్రిలోకి మగ్గం ఎలా వచ్చింది?

రోగి చేతికి పని ఇవ్వడం కూడా వైద్యమేనన్న ఆలోచన 20వ శతాబ్దం మొదట్లో బలపడింది. 1917లో అమెరికాలో కొందరు కలిసి దీని కోసం ఒక సంఘం పెట్టారు. అదే ఆక్యుపేషనల్ థెరపీ. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు బుట్టలల్లడం, నేత, వడ్రంగం నేర్పి చేతులకు తిరిగి శక్తి తెచ్చారు. మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు ఈ విద్యకు పాఠశాల ప్రారంభించారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ వెల్లూరు. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు వ్యాధితో వేళ్ళు ముడుచుకుపోయిన చేతులకు నరాలను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళను) మార్చి కుట్టే శస్త్రచికిత్సలు చేశారు. చేయి తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు, ఆ చేతితో మనిషి బ్రతకాలి కదా. అందుకని నవజీవన కేంద్రం ఏర్పరచి, చికిత్స పొందినవారికి వడ్రంగం వంటి పనులు నేర్పించారు. స్పర్శ లేని చేతికి తెలియకుండా తగిలే దెబ్బలే వేళ్ళు పోవడానికి ముఖ్య కారణమని లోకానికి నచ్చజెప్పినవారు కూడా ఆయనే.

బైబిలులో చేతిపనికి ఉన్న గౌరవం మనకు తెలిసిందే. నిర్గమకాండము 35వ అధ్యాయంలో బెసలేలు, అహోలీయాబు చేతి నైపుణ్యం దేవుడిచ్చిన వరంగా కనబడుతుంది. యొప్పేలో దొర్కా విధవరాండ్రకు వస్త్రాలు కుట్టింది. పౌలు డేరాలు కుట్టాడు. చేయి పనిచేయడం మనిషి గౌరవానికి సంబంధించిన సంగతి.

చేతికి జరిగే మేలు

పళ్ళెంలో నుండి ఒక పూసను తీయాలంటే బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలవాలి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి, వల కన్ను బాగుచేసుకోవడానికి కావలసిన పట్టు అదే. సూదిని రంధ్రంలో పెట్టేటప్పుడు కన్ను, చేయి కలిసి పనిచేస్తాయి. ఒక చేయి పూసలను పట్టి ఉంచుతుంటే రెండవది సూదిని నడుపుతుంది. లెక్క తప్పకుండా రంగులు ఎంచుకుంటుంటే మెదడుకూ పని దొరుకుతుంది.

పక్షవాతం వచ్చిన ఒక అవ్వను మొదటిసారి ఈ మగ్గం ముందు కూర్చోబెట్టినప్పుడు ఆమె కోపగించుకుంది. "ఏం సిస్టరమ్మా, మనవళ్ళను ఆడించే వయసులో నాకు ఆటబొమ్మ ఇస్తారా?" అన్నది. అవ్వ మాటలో న్యాయముంది. పెద్దవారికి ఏదైనా ఇచ్చేటప్పుడు అదెందుకో ముందు చెప్పాలి. "అవ్వా, ఇది నీ కుడిచేతికి వ్యాయామం. రబ్బరు బంతి నొక్కమంటే విసుగంటివి కదా, ఇదైతే చివరికి ఒక వస్తువు మిగులుతుంది" అని చెప్పాము. మొదటి రోజు మూడు పూసలు తీసి అలసిపోయింది. రెండవ వారానికి రోజుకు రెండు వరుసలు నేసింది. ఇంటికి వెళ్ళేనాటికి తన జాకెట్టు హుక్కులు తానే పెట్టుకోగలిగింది. మగ్గం ఒక్కటే ఈ పని చేసిందని మేము చెప్పము. మందులు, వ్యాయామాలు, కోడలి సేవ అన్నీ కలిసి చేశాయి. అయితే రోజూ వ్యాయామానికి ఆమెను పిలవనక్కరలేకుండా చేసింది మాత్రం ఆ పూసలే.

పడవ తాడు చుట్టుకుని వ్రేళ్ళు నలిగినవారికి, కట్టు విప్పాక చేయి బిగుసుకుపోయినవారికి కూడా ఇది పనికొస్తుంది. వల అల్లిన చేతులు ఈ పనిని మనకన్నా త్వరగా పట్టుకుంటాయి. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారిని గాని ఫిజియోథెరపిస్టును గాని అడగాలి. కుట్లు మానకముందు, ఎముక అతకకముందు చేయకూడదు. మొదట రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు చాలు. నొప్పి పెరిగినా, వ్రేళ్ళు వాచినా ఆపాలి.

ఇంట్లోనే తయారు చేసుకోండి

కావలసినవి: గట్టి చెప్పుల పెట్టె, నైలాన్ దారం (సన్నని వల దారం మంచిది), మొన మొద్దుగా ఉన్న సన్నని సూది, 4 మిల్లీమీటర్ల పూసలు. సూది పూసలో నుండి రెండుసార్లు దూరగలగాలి.

1. పెట్టె మూత తీసివేయండి. పొట్టిగా ఉన్న రెండు అంచుల మీద 4 మి.మీ. ఎడంతో 8 గాట్లు పెట్టండి. అడ్డం 7 పూసలకు 8 పడుగు దారాలు కావాలి. ఎప్పుడూ పూసల కంటె దారం ఒకటి ఎక్కువ.

2. దారం కొనను పెట్టె వెనుక టేపుతో అంటించి, మొదటి గాటు నుండి ఎదుటి గాటుకు, అక్కడినుండి పక్క గాటు ద్వారా వెనక్కు, ఇలా 8 దారాలు బిగించండి. వేలాడకూడదు, పెట్టె వంగేంత బిగువూ వద్దు.

3. రెండు మూరల దారం తీసుకుని, ఒక కొనను ఎడమవైపు చివరి పడుగు దారానికి ముడివేయండి. రెండవ కొనకు సూది ఎక్కించండి.

4. 7 పూసలు గుచ్చి, దారాన్ని పడుగు కింద నుండి కుడివైపుకు తీసుకురండి. కింద నుండి వ్రేలితో పూసలను పైకి నెట్టి, ఒక్కొక్కటి రెండు దారాల మధ్య కూర్చునేటట్టు చూడండి.

5. ఇప్పుడు సూదిని కుడి నుండి ఎడమకు, పడుగు దారాల పైనుండి, ఏడు పూసల రంధ్రాలలో నుండి పోనిచ్చి లాగండి. సూది పడుగు కింద నుండి పోతే పూసలు జారిపోతాయి. అసలు కిటుకు ఇదొక్కటే.

6. అయిపోయాక పూసలు లేకుండా నాలుగైదుసార్లు దారం అటూ ఇటూ నేసి ముడివేయండి. పడుగు దారాలను జతలుగా ముడివేసి, వెనుక ఒక గుడ్డ ముక్క కుట్టండి.

15 సెంటీమీటర్ల బైబిలు గుర్తుకు సుమారు 38 వరుసలు, అంటే 266 పూసలు పడతాయి. సిలువ గుర్తు కావాలంటే రెండు వరుసలు 3 తెలుపు, 1 ఎరుపు, 3 తెలుపు. తరువాతి వరుస 1 తెలుపు, 5 ఎరుపు, 1 తెలుపు. ఆ తరువాత ఐదు వరుసలు మళ్ళీ మొదటిలాగే. పిల్లల గళ్ళ నోటుపుస్తకంలో రంగులు వేసుకుంటే ఏ నమూనా అయినా నేయవచ్చు.

పట్టు తక్కువగా ఉన్న చేతికి 8 నుండి 10 మి.మీ. చెక్క పూసలు వాడండి, గాట్ల ఎడం కూడా అంతే పెంచండి. ఒక చేయి అసలే లేవనివారికి పెట్టెను బల్లకు కట్టి, పూసలు జారకుండా కింద తడిగుడ్డ పరచండి.

ఈ జాగ్రత్తలు మరువకండి

మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పూసలు నేలమీద ఉండకూడదు. పూస గొంతులో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో 5 దెబ్బలు కొట్టండి. రాకపోతే, ఏడాది దాటిన బిడ్డకు వెనుక నుండి పట్టుకుని బొడ్డు పైభాగంలో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్య నొక్కాలి. వస్తువు కనబడకుండా నోట్లో వ్రేలు పెట్టి వెదకకండి, ఇంకా లోపలికి పోతుంది. వెంటనే ఎవరిచేతనైనా 108కి ఫోను చేయించండి.

ముక్కులో, చెవిలో పూస పెట్టుకుంటే పిన్నుతో గాని పుల్లతో గాని తీయబోకండి, నూనె పోయకండి. ఆసుపత్రికి తీసుకురండి. బిడ్డకు ఒక్క ముక్కు నుండే దుర్వాసనతో చీము కారుతుంటే లోపల ఏదో ఉందని అనుమానించాలి. నీళ్ళలో ఉబ్బే జిగురు పూసలు మాత్రం ఇంట్లోకే తేవద్దు. మింగితే కడుపులో ఉబ్బి ప్రేగుకు అడ్డుపడతాయి.

కుష్ఠు వలన గాని, షుగరు వలన గాని వ్రేళ్ళకు స్పర్శ తగ్గినవారు సూది గుచ్చుకున్నా తెలుసుకోలేరు. మొద్దు సూదే వాడండి. పని అయ్యాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసుకోండి, చిన్న గాయమైనా కడిగి కట్టు కట్టించుకోండి. ఒకరి సూది మరొకరు వాడకూడదు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచకుండా చూపించండి. కుష్ఠుకు మందు ఉంది, ఉచితంగా దొరుకుతుంది, పూర్తిగా నయమవుతుంది.

నలభై దాటినవారికి దగ్గరి వస్తువు మసకగా కనబడితే అది చత్వారం. కళ్ళు చిట్లించుకుని నేయకుండా అద్దాలు పెట్టించుకోండి. పగటి వెలుతురులో కూర్చోండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఎవరికైనా అకస్మాత్తుగా మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా, ఏ పసరుకో మంత్రానికో వెళ్ళి సమయం పోగొట్టుకోకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. మగ్గం ఆ తరువాతి మాట.

దీనితో డబ్బు సంపాదించవచ్చా?

ఈ ప్రశ్న అడగని తల్లి లేదు. సంఘంలో, పండుగ అమ్మకాలలో కొన్ని వస్తువులు అమ్ముడుపోవచ్చు. అంతకు మించి ఆశ పెట్టడం మాకు ఇష్టం లేదు. నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు అల్లిక నేర్పించారు. అది పెద్ద వ్యాపారమై విదేశాలకు వెళ్ళింది. కాని ఇంట్లో కూర్చుని అల్లిన స్త్రీలకు దక్కిన కూలి చాలా తక్కువని, లాభం వర్తకులకు పోయిందని 1982లో మరియా మీస్ తన పుస్తకంలో చూపించారు. కాబట్టి ఎవరైనా పూసలిచ్చి పని చేయించుకుంటామంటే గంటకు ఎంత పడుతుందో ముందు లెక్క వేసుకోండి. అప్పు చేసి పూసలు కొనకండి.

మీ ఇంట్లో తెగిపోయిన పూసల దండలు, ఖాళీ చెప్పుల పెట్టెలు, మిగిలిన నైలాన్ దారం ఉంటే పారవేయకుండా ఫిజియోథెరపీ గదిలో ఇవ్వండి. సండేస్కూలు పిల్లలు పెట్టెలకు గాట్లు పెట్టి ఇస్తే పిల్లల వార్డుకు ఎంతో ఉపకారం. నేత తెలిసిన అమ్మలు, వల అల్లే పెద్దలు వారానికి ఒక గంట వచ్చి రోగుల పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. చేయి బాగుపడాలని ఎదురుచూసే మనిషికి తోడుగా మరొక చేయి పనిచేస్తుంటే ధైర్యం వస్తుంది.

మంచాన ఉన్న ప్రతి ఒక్కరి చేతులకు ప్రభువు బలమిచ్చును గాక.