మిగిలిన కాంక్రీటు పారబోయకండి... అలాగని చేలో పోయకండి

స్లాబు వేసిన మర్నాడు ఆ ఇంటి ముందు చూడండి. మిల్లరు నిలబెట్టిన చోట గట్టిపడిన మాలు దిబ్బ ఒకటి, పాత గోడ, పాత సన్‌షేడు పగలగొట్టిన ముక్కల కుప్ప ఇంకొకటి ఉంటాయి. మేస్త్రి తన దారిన తాను పోతాడు. ఇంటాయన నాలుగు రోజులు చూసి, ట్రాక్టరు మాట్లాడి ఆ కుప్పను ఏ డొంకలోనో, చెరువు పక్కనో పోయిస్తాడు. అదే ఊళ్లో సన్నకారు రైతు పశువుల పాక బురదలో ఉంటుంది. నల్లరేగడి చేలోకి దిగేచోట వాన పడితే బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఈ రెండింటికీ ఆ కుప్ప పనికొస్తుంది. కాకపోతే ఎక్కడ మేలు, ఎక్కడ చేటు అన్నది తెలుసుకుని తెచ్చుకోవాలి.

మిగిలిన కాంక్రీటు రెండు రకాలు. పచ్చిగా ఉన్నంతసేపే అది కాంక్రీటు. గట్టిపడిందంటే ఇక రాయి కిందే లెక్క. దాన్ని దంచి పొడి చేసి నీళ్లు కలిపితే మళ్లీ పట్టు వస్తుందని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి.

పచ్చి మాలుకు తొందర ఎక్కువ

నీళ్లు పడిన అరగంట దాటాక సిమెంటు ఎప్పుడైనా బిగుసుకోవడం మొదలుపెట్టవచ్చు. ఎండాకాలంలో ఇంకా తొందర. లారీలో వచ్చే రెడీమిక్స్ మాలునైనా కలిపిన రెండు గంటల్లోగా దించాలని ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి స్లాబు పూర్తయ్యాక వెళ్లి అడిగితే లాభం లేదు. ముందు రోజే ఇంటాయనకు, మేస్త్రికి చెప్పుకుని, మన దగ్గర గుంటలు తీసి, చెక్కలు బిగించి సిద్ధంగా ఉంచుకోవాలి. నాలుగైదు తట్టలు మిగిలినా చాలు, మోటారు దిమ్మెకో, కంచె రాతి స్తంభాల మొదళ్లలోకో సరిపోతుంది.

కాలువ మీద కప్పే బిళ్లలు కూడా పోసుకోవచ్చు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం బాగుంటుంది. బిళ్ల సుమారు 50 కిలోలు తూగుతుంది, ఇద్దరు మనుషులు ఎత్తగలరు. లోపల సన్న చువ్వలు అడ్డంగా, నిలువుగా పెట్టాలి. చువ్వలు అడుగు నుంచి అంగుళం ఎత్తులో ఉండాలి. పై భాగంలో పెడితే పెట్టిన ప్రయోజనం లేదు. ఇవి మనుషులు నడవడానికే, బండి ఎక్కించకూడదు. కంచెకు పూర్తి స్తంభాలే ఈ మాలుతో పోసుకుందామని కొందరు అనుకుంటారు. ఏ పాళ్లలో కలిపారో, ఎంతసేపయిందో తెలియని మాలు అది. స్తంభాలకు పెట్టుకోకపోవడమే మంచిది.

మాలు బిగుసుకుంటుంటే నీళ్లు చిలకరించి మళ్లీ కలపడం మనవాళ్లకు అలవాటు. చూడ్డానికి మెత్తబడుతుంది గాని బలం పోతుంది. పార దిగనంతగా బిగుసుకుంటే వదిలేయండి, ముక్కలుగా పనికొస్తుంది. పోసినదానిని గోనెసంచులు కప్పి తడపాలి. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన పీపీసీ సిమెంటయితే 10 రోజులు.

పచ్చి మాలును ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. సున్నంలాగే చర్మాన్ని తినేస్తుంది. అప్పటికప్పుడు నొప్పి తెలియదు, సాయంత్రానికి పుండ్లు పడతాయి. రబ్బరు తొడుగులు, బూట్లు వేసుకోండి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. మిల్లరు కడిగిన నీళ్లు కూడా ఇలాంటివే, పశువులు తాగే కాలువలోకి పోనివ్వకండి.

పాక అడుగున గట్టి ముక్కలు

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు పాక తీసుకుందాం. బురద మట్టి తీసేసి నేలను దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. కాంక్రీటు ముక్కలను సమ్మెటతో పిడికిలంత సైజుకు పగలగొట్టి నాలుగంగుళాల మందాన పరవాలి. సందుల్లోకి గ్రావెలు చల్లి, తడిపి, మళ్లీ దిమ్మిస వేయాలి. దీనికి 40 నుంచి 45 ఘనపుటడుగుల ముక్కలు పడతాయి, అంటే ట్రక్కులో సగానికి కాస్త అటూ ఇటూ. దాని మీద ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకరతో మూడంగుళాల గచ్చు పోస్తే అయిదు బస్తాల సిమెంటు సరిపోతుంది. ప్రతి నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున మూత్రపు కాలువ వైపు వాటం ఉండాలి. నున్నగా మెత్తొద్దు. పచ్చిగా ఉండగానే గీతలు గీస్తే గేదె కాలు జారదు.

పాత ముక్కలను పై గచ్చులో కంకరకు బదులు వేయవచ్చా అని అడుగుతారు. భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన నియమాల ప్రకారం, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఇనుము వేయని కాంక్రీటులో నాలుగో వంతు వరకు వాడవచ్చు. బలం అంతగా అక్కర్లేని అడుగు బెడ్డుకయితే మొత్తం అదే వాడినా తప్పులేదు. అయితే ఇది మిషన్ల మీద పగలగొట్టి, జల్లించిన కంకర సంగతి. హైదరాబాదు జీడిమెట్లలో 2020లో ఇలాంటి ప్లాంటు ఒకటి మొదలైంది. మనం సమ్మెటతో కొట్టిన ముక్కలకు పాత సున్నం, మట్టి అంటుకునే ఉంటాయి. అందుకని వాటిని అడుగునే ఉంచండి, ఇంటి స్లాబులో మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇనుము. సెంట్రింగు మేకులు, బైండింగు తీగ ముక్కలు ఈ కుప్పల్లో తప్పకుండా ఉంటాయి. మేతతో తీగ ముక్క మింగితే పశువు కడుపులో గుచ్చుకుని గుండె దాకా పోతుంది. పాడి గేదె ప్రాణానికే ముప్పు. ముక్కలను పాక దగ్గర పగలగొట్టవద్దు. దూరంగా కొట్టి, ఏరి, అయస్కాంతం ఉంటే దాంతో నేలంతా తుడిచి అప్పుడు తెచ్చుకోండి.

చేలోకి దిగే దారి

నల్లరేగడిలో ముక్కలను నేరుగా పోస్తే రెండు వానలకు భూమిలోకి దిగిపోతాయి. నేల ఆరి ఉన్నప్పుడే, తొలకరికి ముందు, ఎనిమిదడుగుల వెడల్పున పదంగుళాల లోతు తవ్వండి. అడుగున నాలుగంగుళాల గ్రావెలు వేసి దిమ్మిస కొట్టి, ఆ మీద ఆరంగుళాల ముక్కలు పరచి, సందులు గ్రావెలుతో నింపాలి. మధ్యన కాస్త ఎత్తుగా ఉంటే నీరు నిలవదు. ఇరవై అడుగుల దారికి వంద ఘనపుటడుగుల ట్రక్కు ఒకటి పడుతుంది. కాలువ అడ్డం ఉంటే తూము పెట్టకుండా పూడ్చకండి, పైరైతు చేను మునుగుతుంది.

ఎక్కడ వద్దు?

పంట భూమిలో వద్దు. ఇందులో సున్నం ఉంది కదా, నేలకు బలమని ఎవరైనా అంటే వినకండి. సున్నం కావలసింది పులుపు నేలలకు. మన నల్లరేగళ్లలో అది ఇప్పటికే ఎక్కువ. ఇంకా పెరిగితే జింకు, ఇనుము పైరుకు అందవు. నాగలికి, గొర్రుకు తగిలే ముక్కల బాధ వేరే.

బోరు పక్క ఇంకుడు గుంటలోనూ వద్దు. ముక్కల నుంచి కరిగిన సున్నం తెల్లటి పెచ్చులా పేరుకుని నీరు దిగే సందులను మూసేస్తుంది. అక్కడ మామూలు రాయి, గులకరాళ్లే వేయండి. చేపల గుంటకు కూడా ఇవి దూరంగా ఉండాలి.

ఇక తెచ్చుకునే విధానం. కూల్చిన ముక్కలను రోడ్ల మీద, కాలువల్లో పోయకూడదని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటిని వదిలించుకోవలసిన అవసరం ఇంటాయనది, కాంట్రాక్టరుది. కనుక ట్రాక్టరు కిరాయి వాళ్లనే పెట్టుకోమని గట్టిగా అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఒకసారి సరేనంటే మీ గట్టు ఊరందరికీ చెత్త దిబ్బ కాగలదు. ఎన్ని ట్రక్కులు కావాలో ముందే చెప్పండి, దించేటప్పుడు దగ్గర నిలబడండి. ట్రక్కు పైన మంచి ముక్కలు పరచి అడుగున ఏదయినా పెట్టవచ్చు. పగిలిన ఆస్‌బెస్టాస్ రేకులు, రంగు డబ్బాలు కనిపిస్తే ఆ రేకులను పగలగొట్టకుండా, తొట్టి ఎత్తనివ్వకుండా ట్రక్కును అక్కడి నుంచే వెనక్కి పంపించండి.