మన ఆసుపత్రి వెబ్‌సైట్: నేను నేర్చుకున్న సంగతులు



ఒక మంగళవారం ఉదయం ఓ.పి. దగ్గర ఒక పెద్దాయన మనుమరాలితో కూర్చుని ఉన్నారు. కంటి డాక్టరుగారి కోసం రెండు బస్సులు మారి వచ్చారట. కంటి ఓ.పి. గురువారానికి మారి అప్పటికే 4 నెలలైంది. "ఇందులో మంగళవారమనే ఉంది మేడమ్" అని ఆ పాప సెల్‌ఫోను చూపించింది. నిజమే, మన వెబ్‌సైట్‌లో అలాగే ఉంది. వారికి ఆ రోజు కూలీ పోయింది, ఛార్జీలూ పోయాయి. గురువారం మళ్లీ వస్తారేమోనని చూశాను. రాలేదు.

సరిచేద్దామంటే, సైటు తయారుచేసిన అబ్బాయి వేరే ఊరు వెళ్లిపోయాడు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోయింది. మందుల బీరువా తాళంచెవి ఒక్కరికే ఇచ్చి వారిని సెలవు మీద పంపినట్లయింది మన పని! అది తెప్పించుకునేసరికి 10 రోజులు పట్టింది. ఇక ఎవరు చూసుకోవాలని మీటింగులో అడిగితే అందరూ నావైపే చూశారు. నర్సింగ్ డిప్లొమా చదివినదాన్ని, నాకు తెలిసిన కంప్యూటరు డ్యూటీ లిస్టు టైపు చేయడం వరకే.

మన సైటు వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద నడుస్తుంది. ఇది 2003లో వచ్చింది. లాగిన్ అయ్యాక 'పేజెస్' నొక్కి, కావలసిన పేజీ తెరిచి, మంగళవారం తీసేసి గురువారం అని టైపు చేసి సేవ్ చేయాలి. ఆ ఒక్క మాటకు మొదటిరోజు నాకు 40 నిమిషాలు పట్టిందంటే నవ్వకండి. పాత ప్రతులు 'రివిజన్స్'లో భద్రంగా ఉంటాయని, పొరపాటున చెరిపినా తిరిగి తెచ్చుకోవచ్చని తెలిశాకే చేతి వణుకు తగ్గింది.

తర్వాత తెలుగుతో తంటా వచ్చింది. ప్రెస్సుకోసం అను ఫాంటులో టైపు చేసిన వ్యాసాన్ని తెచ్చి అతికిస్తే అంతా పిచ్చి గుర్తులే. ఆ ఫాంటు లేనిచోట ఆ అక్షరాలు తెలుగుగా కనబడవు. వెబ్‌సైట్‌కైతే యూనికోడ్‌లోనే టైపు చేయాలి. ఫోటోలను కూడా సైజు తగ్గించి పెట్టాలి, లేకపోతే సిగ్నల్ తక్కువున్న ఊళ్లలో పేజీ తెరుచుకోదు. రోగుల ఫోటోలు పెడితే బాగుంటుందని కొందరు అడుగుతుంటారు. వార్డులో మంచం చుట్టూ తెర లాగేది ఎందుకు? వారు ఒప్పుకుని సంతకం చేయనిదే నేను పెట్టను.

సైటు పేరుకు గడువు ఉంటుంది, డబ్బు కట్టి పొడిగించుకోవాలి. ఆ గుర్తుచేసే ఈ-మెయిల్ ఇన్నాళ్లూ ఆ అబ్బాయికే వెళ్లేది! ఇప్పుడు ఆఫీసుకు వచ్చేలా మార్పించాము. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో ఆఫీసు బీరువాలో ఉంది. వారానికొకసారి సైటు మొత్తానికి నకలు తీసి విడిగా దాస్తున్నాను.

ప్రతి నెల మొదటి సోమవారం ఓ.పి. పట్టిక చేతపట్టుకుని, మందుల గడువు తేదీలు చూసినట్లే, పేజీలన్నీ సరిచూస్తాను. అయినా పోయిన నెల పళ్ల విభాగం వేళలు తప్పుగా ఉన్నాయని ఒక తల్లి చెబితేగాని తెలియలేదు. మీకూ ఏదైనా తప్పు కనిపిస్తే చీటీల కౌంటరులో చెప్పండి. ఆ రోజే మారుస్తాను.