పిన్ను ఎటునుంచి పొడవాలి?

“పిన్నుతో పైనుంచి పొడిస్తే మసి లోపలికే పోతుంది కదా సార్, బయటికెలా వస్తుంది?” పాత పంపు స్టవ్వు విప్పి బల్ల మీద పరిచినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. గట్టి ప్రశ్న.

పంపు స్టవ్వున్న ఇంట్లో అగ్గిపెట్టె పక్కనే ఆ పిన్ను ఉండేది. చిన్న రేకు ముక్క, దాని కొసన వెంట్రుకంత ఉక్కు తీగ. అది దూరే బెజ్జం సుమారు 0.3 మిల్లీమీటర్లు. స్టవ్వు ప్రాణమంతా అక్కడే.

1892లో స్టాక్‌హోంలో లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్కు ప్రైమస్ అనే పంపు స్టవ్వుకు రూపమిచ్చాడు. అందులో వత్తి లేదు. పంపు కొడితే ఇత్తడి ట్యాంకులో గాలి ఒత్తిడి పెరిగి కిరసనాయిలును పైకి తోస్తుంది. ముందే కాచి ఉంచిన బర్నరు గొట్టాల్లో అది ఆవిరవుతుంది. ఆ ఆవిరి సన్నటి బెజ్జంలోంచి జోరుగా చిమ్ముతూ చుట్టూ ఉన్న గాలిని తనలోకి లాక్కుంటుంది. గాలి బాగా కలిసింది గనక మంట నీలంగా ఉంటుంది, గిన్నెకు మసి పట్టదు. గొట్టాలను వేడిగా ఉంచేదీ ఆ మంటే!

చిక్కల్లా ఆ గొట్టాల్లోనే. గాలి తగలకుండా అంత వేడెక్కిన కిరసనాయిల్లో కొంత బొగ్గుగా మారి గోడలకు అంటుకుంటుంది. పెచ్చు ఊడిందంటే ఆవిరితో కొట్టుకొచ్చి బెజ్జానికి అడ్డం పడుతుంది. మంట చిన్నబోతుంది. పిన్నుతో పొడిస్తే కాస్త పొడి బయటికి ఎగురుతుంది గానీ, పెద్ద ముక్క లోపలికి జారి మళ్లీ అక్కడికే చేరుతుంది. ఆ అమ్మాయి అనుమానం నిజమే.

దీనికి తర్వాత దొరికిన ఉపాయం నాకెంతో ఇష్టం. సూదిని లోపలే పెట్టేశారు! బెజ్జం కింద నిలువుగా ఓ పళ్ల పట్టీ, దాని నెత్తిన సూది. పక్కనుంచి వచ్చే కడ్డీకి చిన్న పళ్లచక్రం. బయట పిడి తిప్పితే చక్రం పట్టీని పైకి నెడుతుంది, సూది బెజ్జంలోంచి తల బయటపెడుతుంది, వెనక్కి తిప్పితే దిగిపోతుంది. మసి బయటికే పోతుంది, మిగిలింది వెనకనున్న ఆవిరి ఊదేస్తుంది. మంట ఆర్పే పని కూడా లేదు. సూది విరిగితే మాత్రం ఆ బెజ్జమున్న ముక్కను, అంటే జెట్టును, విప్పాల్సిందే. చేతి పిన్నయితే చవక, పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

పిన్ను లావు కూడా లెక్కే. బెజ్జం ఇత్తడిది, పిన్ను ఉక్కుది, కాబట్టి లావు పిన్ను దూరిస్తే అరిగేది బెజ్జమే. 0.3 మిల్లీమీటర్లది 0.36 అయిందంటే వైశాల్యం 44 శాతం పెరిగినట్టు. అంత ఆవిరికి గాలి చాలదు. మంట పసుపు తిరుగుతుంది, గిన్నె నల్లబడుతుంది.

1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ బృందం ప్రైమస్‌నే వెంట తీసుకెళ్లింది. 1953లో ఎవరెస్టు యాత్రకూ అది వెళ్లింది. ఆ తర్వాత మన వంటిళ్లలోకి గ్యాసు వచ్చి పంపు స్టవ్వు అటకెక్కింది. బెజ్జం మాత్రం ఇప్పటికీ ఉంది. గ్యాసు పొయ్యి జెట్టు కూడా ఇత్తడిదే, దాని కొలతా మంట కోసం లెక్కగట్టి పెట్టిందే. దాంట్లో పిన్నీసు పెట్టి కెలక్కండి. రెగ్యులేటరు కట్టేసి, తెలిసిన మెకానిక్కు చేత జెట్టు విప్పించి, వెనకవైపు నుంచి ఊదించండి.