గట్టిమేళం పెట్టే పరీక్ష

పెళ్ళి సీడీలో బొమ్మ కాస్త గళ్ళుగళ్ళుగా పడినా చూసేవాళ్ళు సర్దుకుపోతారు. శబ్దం మీద అంత దయ ఉండదు. తాళి కట్టే వేళ గట్టిమేళం అందుకోగానే నాదస్వరం గరగరమంటే వంటింట్లో ఉన్నవాళ్ళకీ తెలిసిపోతుంది. చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు పెళ్ళి వీడియోలు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు వదిలి డిస్కుల్లోకి ఎక్కిన రోజుల్లో, కంప్యూటర్ ముందు కూర్చున్న వీడియోగ్రాఫర్‌ని బొమ్మకన్నా ఎక్కువగా బయటపెట్టేది ఈ రెండు నిమిషాలే.

ఆ డిస్కు వీడియో సీడీ, అంటే వీసీడీ. దాని కొలతలు 1993లో ఖాయమయ్యాయి. ఫిలిప్స్, సోనీ, మత్సుషితా, జేవీసీ కలిసి రాసుకున్న ఆ పత్రం పేరు వైట్ బుక్. పాటల సీడీ సెకనుకు 1,411 కిలోబిట్ల శబ్దాన్ని అందిస్తుంది. వీసీడీ అదే వేగంతో తిరుగుతూ బొమ్మనీ శబ్దాన్నీ రెండింటినీ మోయాలి. బొమ్మకి 1,150, శబ్దానికి 224. పాటల సీడీలో ఉన్నదాంట్లో ఆరో వంతు కూడా కాదు.

మేళమంతటినీ ఆ కాస్త జాగాలో పట్టించే పద్ధతి ఎంపెగ్-1 లేయర్ 2. అందరూ ఎంపీ2 అనేది దీన్నే. డిజిటల్ రేడియో కోసం మ్యూనిక్‌లోని ఐఆర్‌టీ, ఫ్రాన్స్‌లోని సీసీఈటీటీ, ఫిలిప్స్ వాళ్ళు తయారుచేసిన మ్యూజికామ్ దీనికి మూలం. శబ్దాన్ని కింది స్వరాల నుంచి పై స్వరాల దాకా 32 పట్టీలుగా విడదీస్తుంది. డోలు గట్టిగా మోగినప్పుడు ఆ దగ్గరి పట్టీలోని చిన్న శబ్దం మన చెవికి అందదు. అందనిదాన్ని అంత శ్రద్ధగా రాసిపెట్టడం దండగ. మిగిలిన బిట్లను చెవి పసిగట్టే చోట ఖర్చు పెడుతుంది. కరువు కాలంలో కాలవ నీళ్ళు ఏ మడికి ఎంత వదలాలో చూసే నీరుగంటి పని ఇది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఎంపెగ్ ప్రమాణం డిస్కు మీది బిట్ల వరస ఎలా ఉండాలో, ప్లేయర్ దాన్ని ఎలా చదవాలో కచ్చితంగా చెబుతుంది. కుదించేవాడు ఏది ఉంచాలో, ఏది వదలాలో మాత్రం అతని తెలివికే వదిలేసింది. కాబట్టి రెండు సాఫ్ట్‌వేర్లు అదే 224 దగ్గర రెండు రకాలుగా వినిపించగలవు. ఇది తెలియనివాళ్ళు అంకె ఒకటే కదా అని ఊరుకుంటారు.

ప్రమాణంతో పాటు నమూనాగా ఇచ్చిన కోడ్ పేరు డిస్ట్10. పని చేస్తుంది, కానీ మహా నెమ్మది. 1998లో మైక్ చెంగ్ అనే ప్రోగ్రామర్ ఎంపీ3 కోసం లేమ్ మొదలుపెట్టి, డిస్ట్10ని వేగవంతం చేసే పనిలో పడ్డాడు. తర్వాత లేమ్‌ని ఇతరులకు వదిలేసి ఎంపీ2 వైపు మళ్ళాడు. అలా పుట్టిందే టూలేమ్. పైసా ఖర్చు లేదు, కోడ్ అందరి ముందూ ఉంది. జపాన్‌కు చెందిన హిరోయుకి హోరి రాసిన టీఎంపీజీఎన్క్ అప్పట్లో ఇంటి వీసీడీలకి పెద్ద దిక్కు. బొమ్మ విషయంలో దానికి మంచి పేరు. శబ్దం దగ్గరికొచ్చేసరికి తెలిసినవాళ్ళు టూలేమ్‌నే బయటి పనిముట్టుగా తగిలించుకునేవాళ్ళు.

డోలు దెబ్బ ఎందుకంత కష్టం? శబ్దాన్ని చిన్న ముక్కలుగా తీసుకుని కుదిస్తారు. కుదింపులో మిగిలే చిన్న రొద ఒక ముక్క పొడవునా పరుచుకుంటుంది. ముక్క చివర్లో దెబ్బ పడితే, దానికి ముందున్న నిశ్శబ్దంలో ఆ రొద బయటపడుతుంది. ఎంపీ2 తన ఒక్కో ముక్కలోని 1,152 శబ్ద నమూనాలను మూడు భాగాలు చేసి, సుమారు 9 మిల్లీసెకన్లకొకసారి కొలత మార్చుకోగలదు. అందుకే తగినన్ని బిట్లు ఉంటే ఇలాంటి దెబ్బల్ని బాగానే తట్టుకుంటుంది. యూరప్ ప్రసార సంఘం 1988లో తెచ్చిన పరీక్ష డిస్కులో ఇందుకోసం కాస్టనెట్స్ చప్పుడు పెట్టారు. మన డోలు వాళ్ళకి దొరికుంటే కాస్టనెట్స్‌తో పనేముంది!

మరో గొడవ నమూనాల లెక్క. మినీడీవీ కెమెరా సెకనుకు 48,000 లేదా 32,000 నమూనాలు తీస్తుంది. వీసీడీకి 44,100 కావాలి. ఈ మార్పిడి మోటుగా జరిగితే నాదస్వరం పై స్థాయిల్లో లేని స్వరాలు పుడతాయి. దానికి నవోకి షిబాటా రాసిన ఎస్‌ఎస్‌ఆర్‌సీ మంచి మందు. పోతే, కెమెరా మైకులోనే శబ్దం పగిలిపోయి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ అతికించలేదు.

డీవీడీ వచ్చాక 48,000 నేరుగా సరిపోయింది, ఆ గొడవ తగ్గింది. అక్కడ రాజ్యం డాల్బీ ఏసీ-3ది. ఉచితంగా కావాలంటే ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. ఇంట్లో చేసిన డీవీడీ నీరసంగా వినిపిస్తే ముందు డయల్‌నార్మ్ అనే అంకె చూడాలి. మైనస్ 31 ఉంటే శబ్దం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మైనస్ 27 పెడితే ప్లేయర్ నాలుగు డెసిబెళ్ళు తగ్గిస్తుంది.

డీవీడీ వచ్చినా ఎంపీ2 కథ ముగియలేదు. టూలేమ్ ఆగిపోయినా నికొలస్ హంఫ్రీ దాన్ని టూలేమ్ అనే పలుకుతోనే, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మార్చి, ముందుకు నడిపాడు. బ్రిటన్ డిజిటల్ రేడియోలో కొన్ని స్టేషన్లు ఇప్పటికీ ఎంపీ2లోనే మాట్లాడుతున్నాయి.

బీరువాలో పెళ్ళి వీసీడీలు మిగిలుంటే, వాటిలోని డ్యాట్ (.DAT) ఫైళ్ళను ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. ఫోన్లో చూడటానికి వేరే రకంలోకి మార్చుకోవచ్చు గానీ, అసలు ఫైలును చెరిపేయకండి. ఒకసారి కుదించిన నాదస్వరాన్ని మళ్ళీ కుదిస్తే, మొదటిసారి దక్కినదాంట్లోంచి కూడా కొంత పోతుంది.