చేతిని నడిపే నాడులు

చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించే రక్తనాళాన్ని మన ఊళ్లలో నరం అంటారు. మడమ వెనుక బిగిసి ఉండే స్నాయువునూ నరమే అంటారు. మెదడు ఆజ్ఞను మోసే తంతువులకూ అదే పేరు. ఉర్దూలో ‘నస్’ అనే మాటకూ ఇదే అవస్థ. ఇది భాషకు లోపమని మేము అనము. అయితే శరీరాన్ని గురించి చెప్పేటప్పుడు ఈ మూడింటినీ విడదీయక తప్పదు. కనుక ఆజ్ఞను, స్పర్శను మోసేదానిని మాత్రమే ఇక్కడ ‘నాడి’ అంటున్నాము.

మెడ కింది భాగంలోను, రొమ్ము పైకొసలోను వెన్నుపాము నుండి ఐదు నాడీమూలాలు వెలువడి, చంక వరకు కలుస్తూ, విడిపోతూ ఒక జాలంగా అల్లుకొంటాయి. వైద్యులు దీనిని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. దీని నుండి వచ్చి చేతివేళ్లను ఏలే నాడులు మూడు. రేడియల్ నాడి దండచేయి ఎముకను వెనుకగా చుట్టివచ్చి, మణికట్టును, వేళ్లను పైకెత్తే కండరాలను నడుపుతుంది. మీడియన్ నాడి మణికట్టు నడుమగా అరచేతిలో ప్రవేశించి, బొటనవేలిని తక్కిన వేళ్లకు ఎదురుగా తెస్తుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో తెగిన పట్టుపోగును ముడివేసే నేతగాడికి, పోగు వేలికొసకు తగిలిందని తెలిపేది ఈ నాడియే.

మూడవది అల్నార్ నాడి. మేము చెప్పదలచినది ముఖ్యంగా దీని కథ. మోచేయి గడపకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అది ఎముక నొప్పి కాదు. అక్కడి గాడిలో, చర్మం కిందనే ఈ నాడి ఉన్నది. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శ దీనిదే. అరచేతి చిన్న కండరాలలో అధికభాగం దీని అధీనమే. పుంగనూరు ఆవును పితికేటప్పుడు పిడికిలిని చివరగా బిగించేవి ఆ రెండు వేళ్లే.

కుష్ఠు క్రిమికి శరీరంలోని చల్లని తావులంటే ప్రీతి. అందుచేత చర్మానికి దగ్గరగా ఉన్న ఈ నాడి దానికి తరచుగా చిక్కుతుంది. నాడి చెడితే ఆ రెండు వేళ్లు గోళ్ల పంజావలె వంగిపోతాయి. అంతకంటె భయంకరమైనది నొప్పి తెలియకపోవడం.

కుష్ఠులో వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలుతాయని లోకం నమ్మింది. దానిని ప్రశ్నించిన కృషి మనకు దూరాన జరిగినది కాదు. కుప్పం వారు రైలులో జోలార్‌పేట మీదుగా, మదనపల్లె, పుంగనూరు వారు పలమనేరు, చిత్తూరు మీదుగా చేరుకొనే ‘రాయవేలూరు’లోనే జరిగింది. 1914లో కొల్లి కొండలలో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు వచ్చారు. వేళ్లను హరించేది, నొప్పి తెలియక ఏమరిన కాలిన గాయాలు, కోతలు, వాటిలో చేరే చీము అని ఆయన, సహచరులు గ్రహించారు. చెడిన కండరానికి బదులు బలమున్న కండరపు స్నాయువును దారి మళ్లించి, వంగిన వేళ్లను చాచే శస్త్రచికిత్సలు చేశారు. స్పర్శను మాత్రం ఏ శస్త్రచికిత్సా తిరిగి ఇవ్వలేకపోయింది. కళ్లతో చూసి చేతిని కాపాడుకోవడం రోగికి నేర్పవలసి వచ్చింది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఆరు నెలలు గాని, సంవత్సరం గాని మందు వాడితే చాలు. కొత్తగా దెబ్బతిన్న నాడి కోలుకోవచ్చు. ఏళ్లు గడిచినది కోలుకోవడం అరుదు. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి నడుమ ఒక పోస్టుకార్డు ఉంచి, వేళ్లు చాచి గట్టిగా పట్టుకొమ్మని చెప్పి లాగి చూడండి. ఒక చేయి ఇట్టే వదిలితే, లేదా చిటికెన వేలు మొద్దుబారితే, వైద్యుని చూడవలసిందే. కారణం కుష్ఠే కానక్కరలేదు. మధుమేహమూ కావచ్చు, మోచేతి వద్ద నాడి నలగడమూ కావచ్చు.